దిబ్బలకు పేర్లు పెట్టిందెవరు?



ప్రపంచంలో మాయమైపోయిన నగరాలు అంటూ యూట్యూబులో వీడియోలకు కొదవ లేదు. మా పిల్లలు తెగ చూస్తారు. పెట్రా, అంకోర్, మచు పిచ్చు... చూడండి, మంచిదే. చూస్తున్నప్పుడు ఒక్క ప్రశ్న మాత్రం మనసులో పెట్టుకోండి. మాయమైంది ఎవరికి?

మచు పిచ్చును 1911లో హైరం బింగ్‌హాం అనే అమెరికన్ కనుగొన్నాడని పుస్తకాల్లో ఉంటుంది. ఆయన కొండెక్కేసరికి అక్కడ రిచార్తె, అల్వారెజ్ అనే రైతు కుటుంబాలు ఆ పాత మెట్ల పొలాల్లోనే పంట పండించుకుంటున్నాయి. ఆయనకు శిథిలాలు చూపించింది ఓ చిన్న పిల్లవాడు. వాళ్ళకు ఆ నగరం ఏనాడూ మాయం కాలేదు. వాళ్ళు చూసింది లెక్కలోకి రాలేదు, అంతే.

ఆఫ్రికాలో ఇంకా ఘోరం. గ్రేట్ జింబాబ్వేలో సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలున్నాయి. కట్టింది షోనా ప్రజల పూర్వీకులు. తెల్లవాళ్ళు ఒప్పుకోలేదు. ఫినీషియన్లు కట్టారన్నారు, షేబా రాణి కట్టించిందన్నారు. 1905లో రాండల్ మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్ థామ్సన్ తవ్వి చూసి ఇది ఆఫ్రికన్ల పనేనని తేల్చారు. అయినా రొడీషియా తెల్ల ప్రభుత్వం 1970ల్లో కూడా ఆ మాట రాయనివ్వకుండా ఒత్తిడి చేసింది. భూమి గుంజుకున్నవాడికి ఆ భూమి మీది గోడ ఎవరిదో ఒప్పుకోవడం కష్టం మరి. 1980లో స్వాతంత్ర్యం రాగానే ఆ ప్రజలు ఆ రాతి గోడల పేరే దేశానికి పెట్టుకున్నారు.

ఇక్కడ ఆ పని చేయడానికి తెల్లవాడు అక్కర్లేకపోయింది. పురాణం చేసింది.

మన పినపాక మండలం జానంపేట అడవికి పోయి చూడండి. నిలువెత్తు బండలు నాలుగు వైపులా పాతి, పైన ఇంకో పెద్ద బండ మూసి, లోపల రాతిపెట్టె పెట్టిన ఇనుపయుగపు సమాధులు. ఆ గోదావరి ఒడ్డునే పైకి పోతే కాటాపూర్, మంగపేట దగ్గర సిలువ ఆకారంలో చెక్కిన నిలువురాళ్ళు. క్రేన్లు లేని కాలంలో అంత బండను ఊడబెరికి, మోసుకొచ్చి, కొలత తప్పకుండా నిలబెట్టిన మనుషులు వాళ్ళు. జనం నోట్లో వాటి పేరేమిటి? రాక్షస గుళ్ళు. ఇలాంటివే ఇంకోచోట పాండవ గుళ్ళు. అంటే కడితే రాక్షసుడు కట్టాలి, లేదంటే పాండవుడు కట్టాలి. భుజం కాయలు కాసిన మనిషికి మాత్రం ఆ రెండు పేర్ల మధ్య చోటు లేదు.

దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ 1870ల్లో ఈ ప్రాంతపు కోయల గురించి రాస్తూ, చనిపోయినవాళ్ళ పేరున రాయి నిలబెట్టి దానికి ఆవుతోక కట్టే ఆచారం రాసి పెట్టాడు. జానంపేట సమాధులు కచ్చితంగా నేటి కోయల తాతలే కట్టారని నేను అనడం లేదు. అది తవ్వకాలు తేల్చాల్సిన సంగతి. కానీ రాయి నిలబెట్టి చచ్చినోళ్ళను తలుచుకునే మనుషులు ఆ అడవిలోనే కళ్ళెదుట ఉంటే, వాళ్ళను దాటుకుని రాక్షసుల దాకా ఎందుకు పోవాల్సొచ్చింది?

ఖమ్మం వైపు రండి. నేలకొండపల్లి. 1970ల్లో పురావస్తు శాఖ తవ్వితే దాదాపు 100 ఎకరాల్ని చుట్టిన మట్టికోట గోడ, మహాస్తూపం, విహారాలు, బావులు, కంచు బుద్ధుడు బయటపడ్డాయి. 3, 4 శతాబ్దాల నాటి బౌద్ధ పట్నం. దాన్ని జనం పిలిచే పేరు విరాటరాజు దిబ్బ. కీచకుణ్ణి చంపింది ఇక్కడేనట! నిజంగా ఇక్కడ నడిచిన భిక్కువులు, కుమ్మరులు, రాతిపనివాళ్ళు పోయారు. ఎన్నడూ లేని కీచకుడు మిగిలాడు.

భట్టిప్రోలు కథ చెప్పాలంటే నాకు నోరు చేదవుతుంది. తెలుగు లిపి పుట్టుక గురించి పాఠం చెప్పిన ప్రతిసారీ భట్టిప్రోలు ధాతు కరండాల మీది అక్షరాల పేరెత్తుతాం. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వి తీసినవి. అవి దొరికిన స్తూపాన్ని ఊరు పిలిచిన పేరు లంజదిబ్బ. ఘంటసాలలోనూ అదే పేరు. మీకు ఇబ్బందిగా ఉందా? ఉండాలి. ఓ మతాన్ని ఓడించాక దాని పుణ్యస్థలానికి ఆడదాని పేరున ఓ తిట్టు తగిలించడం కన్నా పెద్ద ఆక్రమణ ఏముంటుంది? కూలగొట్టేవాడికి గునపం కావాలి, కూలీ ఇవ్వాలి. తిట్టుకు ఖర్చు లేదు, పైగా తరతరాలు పనిచేస్తుంది.

ఓ మిత్రుడు నాతో వాదించాడు. పురాణం పేరు ఉండబట్టే భయంతోనో భక్తితోనో జనం దిబ్బల్ని ముట్టుకోలేదు, లేకపోతే ఎప్పుడో దున్నేసేవాళ్ళు అని. కొంత నిజమే కావొచ్చు. మరి తిట్టు పేరున్న దిబ్బ సంగతేమిటి? భట్టిప్రోలు స్తూపం ఇటుకలు రోడ్డుకు పోయాయి, రాళ్ళు కాలువ తూముకు పోయాయి. ఏ పేరు పెడతామన్నదాన్ని బట్టే ఏది మిగలాలో తేలుతుంది. ఆ పేరు పెట్టే హక్కు ఎవరి చేతిలో ఉందన్నదే నా గొడవ.

ఇప్పుడు అమరావతి శాసనం ఒకటి వినండి. పూర్ణఘటం చెక్కిన పలకను స్తూపానికి దానమిచ్చినవాడి పేరు ప్రాకృతంలో స్పష్టంగా ఉంది. చమ్మకార విధిక. తోలు పని చేసేవాడు. నాగ ఉపాధ్యాయుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు, బంధుమిత్రులు అందరితో కలిసి ఇచ్చాడు. తండ్రి గురువు, కొడుకు తోలు పని. రెండు వేల ఏళ్ళ కిందట ఈ రెండూ ఒకే ఇంట్లో ఉండగలిగాయి, ఆ సంగతి రాతి మీద గర్వంగా చెక్కించుకోగలిగారు. ఆ అమరావతి పూర్ణఘటమే ఇవాళ ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉంది. ప్రతి సర్కారు కాగితం మీదా ఉంది. విధిక పేరు ఎంతమంది క్లాసులో విన్నారు? నేను పీహెచ్‌డీకి వచ్చేదాకా వినలేదు.

పేరు పోయాక చివరికి నీళ్ళొస్తాయి. నాగార్జునసాగర్ కింద ఇక్ష్వాకుల విజయపురి మునిగింది. మునిగే ముందు, 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్ని కట్టడాల్ని కొండ మీదికి, అనుపుకు తరలించి మళ్ళీ కట్టారు. రాళ్ళకన్నా పునరావాసం దొరికింది. ఇప్పుడు పోలవరం. మా దమ్మపేట నుంచి అశ్వారావుపేట దాటితే కుక్కునూరు, వేలేరుపాడు. 2014లో ఆ మండలాల్ని తెలంగాణ నుంచి తీసి ఆంధ్రలో కలిపింది ముంపు కోసమే. అక్కడి కోయ ఊళ్ళలో తాతల రాళ్ళున్నాయి. నష్టపరిహారం లెక్కల్లో ఇల్లు ఉంటుంది, చెట్టు ఉంటుంది, బోరు ఉంటుంది. తాత రాయికి ఏ కాలమ్? ప్రతి సమాధి రాయీ ఎవరిదో ఆ ఊరివాళ్ళ నోటితో చెప్పించి రాయాలి. ఆ జాబితాను గ్రామసభలో చదివి వినిపించాలి. రేపు ఈ నీళ్ళ మీద పడవ ఎక్కిన టూరిస్టుకు ఇక్కడో మాయమైన నగరం ఉండేదని గైడు కథ చెప్పకముందే.

మా వైపు పామాయిల్ తోటలకు జేసీబీలతో నేల చదును చేస్తున్నారు. ఏ దిబ్బ ఎప్పుడు పోతుందో తెలియదు. సెలవులకు ఊరెళ్ళే విద్యార్థులూ, మీ ఊళ్ళో దిబ్బ గానీ నిలువురాయి గానీ ఉంటే ఫోటో తీయండి. దాన్ని ఊళ్ళోవాళ్ళు ఏమంటారో, వాడలో ఏమంటారో, గూడెంలో ఏమంటారో విడివిడిగా రాసుకోండి. మూడు చోట్లా ఒకే పేరు ఉండదు. రాసినవి నాకు పంపండి, వచ్చే భాగం వాటి మీదే.