‘ప్యూర్ వెజ్’ బోర్డు ఎవరి కోసం?

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట వీధుల్లోనూ, చిలకలూరిపేట నుంచి ఒంగోలు వెళ్లే జాతీయ రహదారి వెంటా ఆకుపచ్చ అక్షరాల ‘ప్యూర్ వెజ్’ బోర్డులు అడుగడుగునా కనిపిస్తాయి. మాంసం, చేప, గుడ్డుతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానుకున్న నాబోటివాడికి ఆ బోర్డు ఒక ఆహ్వానంలా తోచాలి. అలా తోచదు. జంతువుల విషయంలో ఆ బోర్డుకున్న పట్టింపు స్వల్పం. మనుషుల విషయంలో దానికున్న పట్టింపు ఎక్కువ. ఈ రెండు పట్టింపులూ ఒకటేనని నమ్మించడం మన కాలపు కుల రాజకీయాల్లో ఒక భాగమైపోయింది. ప్రకాశం జిల్లా దళితవాడలో పుట్టి, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, మొక్కల ఆహారానికి పరిమితమైన మనిషిగా ఈ తేడాను విడమరచి చెప్పడం అవసరమని భావిస్తున్నాను.

‘వీగన్’ అనే మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. పాలు, గుడ్లు తినే శాకాహారుల నుంచి విడివడిన డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు ఆ పేరుతో ఒక సంఘం పెట్టుకున్నారు. వారు వేసుకున్న ప్రశ్న ఒక్కటే: నా తిండి కోసం ఒక జీవిని బంధించడం, బాధించడం తప్పనిసరా? వంట ఎవరు చేశారు, పక్కన ఎవరు కూర్చున్నారు, ఈ పళ్లెంలో నిన్న ఎవరు తిన్నారు అనే ప్రశ్నలతో దానికి సంబంధం లేదు. మన దేశంలోనూ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022లో వీగన్ ఆహారానికి ప్రత్యేక నిబంధనలు, ప్రత్యేక ముద్ర తెచ్చింది. అప్పటికే ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క ఉన్నా మరో ముద్ర ఎందుకు కావలసివచ్చింది? మన చట్టం మాంసాహారానికి ఇచ్చిన నిర్వచనం నుంచి పాలను, పాల పదార్థాలను, తేనెను మినహాయించింది కాబట్టి. ఆకుపచ్చ చుక్క పాడిగేదె గురించి గానీ, పాలు పిండుకున్న తరువాత ఎవరికీ అక్కరలేని దున్నపిల్ల గురించి గానీ ఏమీ చెప్పదు.

ఇక ఆ బోర్డు కింద భోజనానికి కూర్చుంటే ఏమవుతుందో చూడండి. పప్పు మీద అడగకుండానే నెయ్యి పడుతుంది. ఉలవచారు మీద మీగడ తేలుతుంది. ఇడ్లీ కారప్పొడి నేతిలో మునిగి వస్తుంది. ఊరమిరపకాయ కూడా మజ్జిగలో నానిందే. ఒకచోట పప్పులో నెయ్యి వేశారా అని అడిగితే, వడ్డించే అబ్బాయి నొచ్చుకున్నాడు. “ఇక్కడంతా ప్యూర్ వెజ్ సార్, గుడ్డు కూడా రానివ్వం” అన్నాడు. నేను అడిగింది గేదె గురించి. అతను జవాబిచ్చింది మైల గురించి. అందులో అతని తప్పేమీ లేదు. ఆ బోర్డు అతనికి నేర్పిన జవాబు అదే.

మాంసం వండే మామూలు మెస్సుల్లో నాకు ఇంతకంటే సులువుగా పని జరుగుతుంది. నూనెతో పోపు పెట్టిన పప్పు, గోంగూర పచ్చడి, వంకాయ కూర, పండుమిరప పచ్చడి, నెయ్యి కలపని కందిపొడి, చారు ఉంటే చాలు. వంట చేసిన మనిషి పక్కనే ఉంటుంది, ఏ కూరలో ఏం వేసిందో చెబుతుంది. సాయంత్రం బండి మీద వేసే మిరపకాయ బజ్జీలో శనగపిండి, వాము, చింతపండు తప్ప సాధారణంగా మరేమీ ఉండదు. ఈ మిరప, పత్తి నేలలో జంతు పదార్థం లేని భోజనానికి కొదవ లేదు. పేచీ అంతా ‘ప్యూర్’ అనే మాటతోనే.

ఆ మాట దేన్ని కాపాడుతుంది? 2014 నాటి నమూనా రిజిస్ట్రేషన్ వ్యవస్థ సర్వే ప్రకారం, 15 ఏళ్లు పైబడిన వారిలో మాంసాహారులు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 98 శాతానికి పైగా ఉన్నారు. మన ప్రాంతంలో భూమి, మిల్లు, కాలేజీ, రాజకీయం చేతిలో ఉన్న కులాలు కూడా మటన్ తినేవే. కాబట్టి ఇక్కడ కులం గీత శాకాహారానికీ మాంసాహారానికీ మధ్య సూటిగా లేదు. మటన్ మెనూలోకి ఎక్కింది, గొడ్డుమాంసం ఎక్కలేదు. కోడి పెద్దల పంక్తిలోకి వచ్చింది, పంది రాలేదు. ఎవరి మాంసం తిండి, ఎవరి మాంసం అపచారం అన్న తీర్పును తిన్నవాడి కులాన్ని బట్టి ఇచ్చారు. 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపినప్పుడు చెలరేగిన ఘర్షణ జంతుకారుణ్యం మీద జరిగింది కాదు. క్యాంపస్‌లో ఎవరి తిండికి చోటున్నది అన్నదే అక్కడి ప్రశ్న.

హోటల్ ఈ తగాదాకు పాత వేదిక. బ్రాహ్మణ హోటల్ అనే బోర్డు ఒకనాడు దక్షిణాది పట్టణాల్లో సర్వసాధారణం. ఆ మాటను తొలగించాలని 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లోని ఒక హోటల్ ఎదుట పెరియార్ ఆందోళన నడిపారు. మన పల్లెల్లో అదే విలువ టీకొట్టు చూరుకు వేలాడింది. ఒక గ్లాసు ఊరికి, మరో గ్లాసు వాడకు. వాడ గ్లాసును తాగినవాడే కడిగి పెట్టాలి. టీలో పోసిన పాలు ఒకటే, గ్లాసులే వేరు.

రాజ్యాంగ నిర్మాతలకు ఈ సంగతి తెలుసు. 15వ అధికరణ రెండో క్లాజులో దుకాణాలను, ప్రజా రెస్టారెంట్లను, హోటళ్లను పేరుపెట్టి రాశారు. ఈ అధికరణ ముసాయిదా 1948 నవంబరు 29న చర్చకు వచ్చినప్పుడు, ‘దుకాణం’ అనే మాటను విశాలార్థంలో, అంటే సేవను అందరికీ అందించే చోటుగా తీసుకోవాలని అంబేడ్కర్ వివరించారు. అస్పృశ్యతను రద్దు చేసిన అధికరణను సభ ఆమోదించింది కూడా ఆ రోజే. ఆ తరువాత వచ్చిన 1955 నాటి చట్టం, నేటి పౌరహక్కుల రక్షణ చట్టం, తన 4వ సెక్షన్‌లో హోటల్‌లోకి ప్రవేశాన్నే కాక అక్కడ ఉంచిన పాత్రల వాడకాన్ని కూడా ప్రస్తావించింది. ఒక దేశం తన చట్టంలో గిన్నెల గురించి, గ్లాసుల గురించి రాసుకోవలసివచ్చిందంటే ఆ గిన్నె మీద ఎంత బరువు ఉందో ఊహించవచ్చు.

డబ్బు చెల్లిస్తే కులం కరిగిపోతుందన్న నమ్మకాన్ని ఈ నేల రెండుసార్లు రక్తంతో కొట్టివేసింది. 1985 జూలైలో కారంచేడులో దళితులు తాగునీరు తెచ్చుకునే చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్ కడగడాన్ని మున్నంగి సువార్త అభ్యంతరపెట్టింది. మరునాటి దాడిలో ఆరుగురు మాదిగలు హతులయ్యారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. అంతకు ముందు రగిలిన గొడవ సినిమా హాలులో ఒక దళిత యువకుని కాలు పై కులస్థునికి తగలడంతో మొదలైంది. టికెట్ ధర ఇద్దరికీ ఒకటే. 2022 జిల్లాల విభజన తరువాత ఈ రెండు ఊళ్లూ బాపట్ల జిల్లాలో ఉన్నాయి. కారంచేడులో దాడి చేసింది శాకాహార కులమేమీ కాదు. మనిషి దాహం కంటే తన గేదె కుడితి ముఖ్యమని చెప్పగలిగే అధికారం అది. శుద్ధత అనే భావన ఆ అధికారానికి మాటసాయం చేస్తుంది. అందుకు అది శాకాహారం రూపంలోనే ఉండనక్కరలేదు.

ఈ భావన కొత్త దుస్తులు కూడా తొడుగుతున్నది. 2024 మార్చిలో జొమాటో సంస్థ శాకాహారం చేరవేయడానికి ఆకుపచ్చ యూనిఫాంతో ప్రత్యేక ‘ప్యూర్ వెజ్’ దళాన్ని ప్రకటించింది. విమర్శలు వెల్లువెత్తగా మరునాడే ఆ ప్రత్యేక యూనిఫాంను విరమించుకుంది. మూతపెట్టి, సీలు వేసిన పెట్టెలోని బిర్యానీ పక్క పెట్టెలోని పప్పును ఏం చేస్తుంది? పెట్టెను మోసే మనిషి నుంచి మైల సోకుతుందన్న శంకకు మాత్రమే ఆ యూనిఫాం జవాబు. అదే సంవత్సరం జూలైలో ఉత్తరప్రదేశ్ అధికారులు కన్వర్ యాత్ర దారిలోని భోజనశాలల యజమానుల పేర్లు ప్రదర్శించాలన్నారు. సుప్రీంకోర్టు దానిపై మధ్యంతర స్టే ఇచ్చింది. ఏ రకం ఆహారం అమ్ముతున్నారో చెప్పమనవచ్చు గానీ, యజమాని పేరు చెప్పమని బలవంతపెట్టరాదన్నది. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న తేడా అంతా ఆ ఉత్తర్వులో ఉన్నది. ‘ఇందులో ఏముంది’ అనేది తినేవాడి హక్కు. ‘ఇది ఎవరి చేతిది’ అనేది కులం, మతం అడిగే ప్రశ్న.

నా తిండి సంగతి తెలిసినప్పుడు వచ్చే మాటలు రెండు రకాలు. “మంచి పని చేశారు మాస్టారూ, సంస్కారమంటే అదే” అని సహోద్యోగులు కొందరు అభినందిస్తారు. “ఏరా అబ్బయ్యా, బాపనోళ్లల్లో కలిసిపోయావా?” అని వాడలో మా పిన్ని నిలదీస్తుంది. అభినందనలో, నిలదీతలో ఉన్న లెక్క ఒకటే: మాంసం మానడమంటే మెట్టు ఎక్కడం. ఎం.ఎన్. శ్రీనివాస్ సంస్కృతీకరణ అని పేరుపెట్టిన ప్రక్రియ ఇదే. కింది కులం పై కులం ఆచారాలను అనుకరించి హోదా కోరుకోవడం. మా పిన్ని అనుమానానికి చరిత్ర బలం ఉన్నది. ‘ది అన్‌టచబుల్స్’ అన్న 1948 నాటి గ్రంథంలో అంబేడ్కర్ అస్పృశ్యత మూలాలను గొడ్డుమాంసంతో ముడిపెట్టారు. బౌద్ధంపై పైచేయి కోసమే బ్రాహ్మణులు మాంసాన్ని విడిచారని వాదించారు. కాబట్టి పిన్ని ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. సహోద్యోగి అభినందనను మాత్రం స్వీకరించను. నేను తినని వస్తువు తినే నా వాళ్లను అది నా కంటే తక్కువ చేస్తున్నది.

జీవకారుణ్యం దళితులకు అరువు సొమ్మేమీ కాదు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించి ‘పంచమ’ అనే పేరును తోసిపుచ్చి ‘ఆది ఆంధ్ర’ అనే పేరును ముందుకు తెచ్చిన భాగ్యరెడ్డి వర్మ, హైదరాబాదులో జంతుబలులకు వ్యతిరేకంగా పనిచేసిన జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలిలోనూ కృషి చేశారు. ఆయన కాలపు సంస్కరణ భాషతో నేడు మనకు పేచీ ఉండవచ్చు. కానీ ఒకే మనిషి మూగజీవి పక్షాన, వెలివేసిన మనిషి పక్షాన ఒకేసారి నిలబడగలడని ఆయన జీవితం చూపింది.

అడ్డం వస్తున్నది భాష. వీగన్ అన్న మాటను తెలుగులో ‘శుద్ధ శాకాహారి’ అని అనువదిస్తున్నాం. ఆ ‘శుద్ధ’ అన్న ఒక్క మాటతో ప్రశ్న జంతువు నుంచి మడికి మళ్లుతుంది. ‘మాంసం ముట్టను’ అనడం మనకు అలవాటు. ముట్టకపోవడం అనే మాట మన సమాజంలో మొదట మనుషుల మీద వాడిన మాట. నేను మాంసం తినను అంటాను, ముట్టను అనను. నా బల్ల దగ్గర విద్యార్థి మటన్ తింటే నా పళ్లెం మైలపడదు. అతను తిన్న కంచాన్ని కడిగి నాకు పెడితే నాకు అభ్యంతరం లేదు. ఈ మాట అనలేని వీగన్‌కు జంతువు ఒక సాకు మాత్రమే.

ఇక్కడ రెండు ఆక్షేపణలు ఎదురవుతాయి. మాంసం వండకుండా ఉండే స్వేచ్ఛ హోటల్ యజమానికి లేదా అన్నది మొదటిది. తప్పకుండా ఉంది. ఏం వండాలో అతని ఇష్టం. కూరగాయల భోజనం అమ్మేవాడు ‘కూరగాయల భోజనం’ అని రాసుకోవచ్చు. ‘శుద్ధం’ అన్నప్పుడే పక్క హోటల్ అశుద్ధమవుతుంది. అదే మాట ‘వెజిటేరియన్లకు మాత్రమే’ అంటూ టులెట్ బోర్డెక్కి, విద్యార్థికి గది దొరకకుండా చేసినప్పుడు అది మెనూ కాదు, కులం అడిగే మర్యాదపూర్వకమైన పద్ధతి.

ఇదంతా కడుపు నిండినవారి విలాసమన్నది రెండో ఆక్షేపణ. మిరప కోతకు వెళ్లే కూలి మహిళ క్యారియర్‌లో చాలా రోజులు అన్నం, గోంగూర పచ్చడి మాత్రమే ఉంటాయి. పాలు, నెయ్యి గేదెలున్న ఇంటివి. ఆమెది వీగన్ భోజనమని మురిసిపోవడం సిగ్గుచేటు. లేమిని నీతిగా చూపకూడదు. అందుకే, నేను గుడ్డు తినకపోయినా బడి పిల్లల మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉండితీరాలని అంటాను. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీల్లో గుడ్డును తిరస్కరించారు. అటువంటి నిర్ణయాన్ని జీవకారుణ్యం పేరుతో సమర్థించే వీగన్ ఎవరైనా ఉంటే, అతను పేద పిల్ల పళ్లెంలోంచి తీసి తన పుణ్యం కూడబెట్టుకుంటున్నట్లే. ఎంపిక ఉన్నవాడే వదులుకోగలడు. ముందు ఎంపిక అందరికీ దక్కాలి.

చేయవలసింది కష్టమైనదేమీ కాదు. పది అంతకుమించి చోట్ల శాఖలున్న భోజనశాలలు తమ వంటకాల్లో అలర్జీ కలిగించే పదార్థాల సమాచారం ఇవ్వాలని 2020 నాటి లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. పాలు ఆ జాబితాలో ఉన్నాయి. దీన్ని చిన్న హోటళ్లు కూడా తమంతట తాము పాటించవచ్చు. మెనూలో ప్రతి వంటకం పక్కన నూనెనా నెయ్యా, పాలున్నాయా లేవా అని రాస్తే చాలు. అలర్జీ ఉన్నవారికీ, పాలు పడనివారికీ, నాబోటివారికీ అది ఉపయోగం. హాస్టల్ మెస్సుల్లో వెజ్, నాన్‌వెజ్ బల్లలు వేరు చేయమనే కోరికలు వచ్చినప్పుడు విద్యార్థులు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. వంటకానికి పేరు రాయమనండి, బల్లకు వద్దు. గరిటెలు వేరు చేయవచ్చు, పంక్తులు వేరు చేయకూడదు.

హింస లేని పళ్లెం కావాలని కోరుకునేవారు దాన్ని వండిన చేతులను, మోసిన భుజాలను, పక్కన కూర్చున్న మనిషిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మనిషిని దూరం పెట్టి గేదె మీద దయ చూపడం సాధ్యమేనని నమ్మే దేశంలో, ‘ప్యూర్’ అన్న మాటను చెరిపివేయడమే వీగన్లు చేయవలసిన మొదటి పని.