మెడలో పేగు, మనసులో భయం

స్కాన్ రిపోర్టులో 'బిడ్డ మెడ చుట్టూ బొడ్డుపేగు ఒక చుట్టు' అన్న ముక్క కనబడితే చాలు, ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్రుండదు. మా వత్సవాయిలో, చుట్టుపక్కల ఊళ్ళలో తరచూ వింటున్నదే ఇది. జగ్గయ్యపేటలోనో నందిగామలోనో స్కాన్ తీయించుకుని, ఫైలు చంకన పెట్టుకుని బస్సెక్కిన అమ్మాయి ఊరు చేరేలోపే ఫోన్లో నాలుగు వీడియోలు చూసేస్తుంది. 'ఏం ఫర్వాలేదమ్మా' అని డాక్టరు చెప్పిన మాట ఇక గుర్తుండదు. పేగు బిగుసుకుంటే ఎలా అని మొదలైన ఆలోచన, తెల్లారేసరికి బిడ్డ దక్కదన్నంత దాకా పోతుంది. నిజానికి నలుగురైదుగురు పిల్లల్లో ఒకరు అలా పేగు చుట్టుకునే పుడతారు. చాలామందికి ఏ హానీ జరగదు. తల బయటికి రాగానే కాన్పు చేసేవాళ్ళు దాన్ని వేళ్ళతో తప్పిస్తారు.

భయపడటమే తప్పని నేననను. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు జాగ్రత్త పెరగడం సహజం. ఆ జాగ్రత్త దారి తప్పినప్పుడే బాధ. మనసు నలిగినప్పుడు ఆలోచనలు కొన్ని తప్పుదారుల్లోనే మళ్ళీ మళ్ళీ నడుస్తాయని అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలోనే గమనించాడు. 'అత్తయ్య పొద్దుట్నుంచీ ముభావంగా ఉంది, మళ్ళీ ఆడపిల్లేనని కాబోలు' అనుకుంటూ ఎదుటివాళ్ళ మనసు తనే చదివేసుకుంటుంది మలిచూలు కోడలు. అంతకన్నా చేటు చేసేది, తప్పంతా తన నెత్తిన వేసుకోవడం.

అలా నెత్తిన వేసుకున్న ఓ అమ్మాయి సంగతే చూడండి. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది. కడుపుతో ఉన్నవాళ్ళు కదలకూడదు, కత్తిపీట ముట్టకూడదు అన్న కట్టడి మన ఇళ్ళలో తెలిసిందే. ఆరో నెలలో ఉన్న ఆ అమ్మాయి మరిచిపోయి ఆ వేళప్పుడు ఉల్లిపాయ కోసింది. ఇక బిడ్డకు గ్రహణమొర్రి తప్పదని ఏడుపు. ఎవరికీ చెప్పుకోలేదు, చెబితే తిడతారని. ఆమెకు తెలియాల్సింది ఒక్కటే: బిడ్డ పైపెదవి ఏడో వారానికల్లా కలిసిపోతుంది. గ్రహణం నాటికి ఆ పెదవి తయారై మూడు నెలలు దాటింది. మొర్రికి వంశంలో ఉండటం, తొలి వారాల్లో వాడిన కొన్ని మందులు, పొగతాగడం లాంటివి కారణాలు. కత్తిపీటకు అందులో పాత్రే లేదు.

'వట్టి మనిషివి కాదు, ఊరికే ఆలోచించకు' అంటారు పెద్దవాళ్ళు. ప్రేమతోనే అంటారు. కానీ వద్దన్నకొద్దీ ఆలోచన పెరుగుతుంది. దాన్ని పట్టుకుని నిలదీయాలి. నీకు ఆధారమేంటి? ఇదే సంగతి నా చెల్లెలు వచ్చి చెబితే నేనేమంటాను? ఎవరినడిగితే ఇది తేలుతుంది?

ఇది ఊసుపోక చెబుతున్న మాట కాదు. పాకిస్తాన్‌లోని రావల్పిండిలో, ప్రభుత్వాసుపత్రికి వచ్చిన సుమారు 1200 మంది గర్భిణులను తీసుకుని, వాళ్ళలో సగం మందితో ఇలాంటి సాధన చేయించి చూశారు. ఫలితాలు 2024లో వెలువడ్డాయి. నేర్పింది మానసిక వైద్యులు కాదు, సైకాలజీ డిగ్రీ చదివి కొద్దిపాటి శిక్షణ పొందినవాళ్ళు. కాన్పయిన ఆరు వారాలకు చూస్తే, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో 41 శాతం మందికి కుంగుబాటు వచ్చింది. ఈ సాధన చేసినవాళ్ళలో 12 శాతం మందికే వచ్చింది. మన ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు నేర్పితే ఇక్కడ మాత్రం ఎందుకు కాదు?

ఒక హెచ్చరిక. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, బిడ్డ కదలిక తగ్గడం లాంటివాటిని ఉత్త ఆలోచనలే అనుకుని సర్దిచెప్పుకోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

2016 నుంచి ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతున్నాయి. బీపీ చూస్తారు, బరువు చూస్తారు, రక్తం చూస్తారు. 'నిద్ర పడుతోందా? ఏ భయమైనా పట్టి పీడిస్తోందా?' అని కూడా అడగాలి. కార్డులో రాయాలి. భయం మరీ ఎక్కువైతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. భర్తలకు, అత్తలకు నా విన్నపం: వచ్చే 9వ తేదీన ఆమెతో మీరూ వెళ్ళండి. రాత్రి నిద్రపట్టనివ్వని ఆ ప్రశ్న ఏదో, ఆమె నోటితోనే డాక్టరును అడగనివ్వండి.