నెల తప్పాక కాదు... ముందే అడగండి

ఆమధ్య మా ఓపీకి ఓ యువతి తల్లితో కలిసి వచ్చింది. ఐదో నెల. టిఫా స్కాన్‌లో బిడ్డ వెన్నెముక సరిగా మూసుకోలేదని తేలింది. ఆమెకు ఇంటర్‌ చదివేటప్పటి నుంచే ఫిట్స్‌. వాల్‌ప్రోయేట్‌ మాత్రలు వాడుతోంది. పెళ్లయ్యాక అత్తింట్లో తెలియకూడదని, పాత చీటీ మీదే పుట్టింటి నుంచి తెప్పించుకునేది. ‘ఏళ్లుగా పడుతున్న మందే కదా అనుకున్నాం సార్‌’ అంది తల్లి. తప్పు వాళ్లదని నేననను. ఆ చీటీ రాసిన ప్రతిసారీ పెళ్లి గురించి, పిల్లల గురించి అడగాల్సింది మా డాక్టర్లమే.

గర్భిణి బొప్పాయి తినొచ్చా, గ్రహణం వేళ కదలొచ్చా అని మన ఇళ్లలో ఎంతో ఆలోచిస్తాం. గ్రహణం వల్ల గ్రహణం మొర్రి రాదు. కొన్ని మందుల వల్ల రావొచ్చు. అయినా మందుల డబ్బా గురించి అడిగేవారు తక్కువ.

అడిగినా, నెల తప్పాక అడుగుతారు. అక్కడే ఆలస్యమవుతోంది. మెదడు, వెన్నుపాముగా మారే నాళం గర్భం దాల్చిన 28 రోజుల్లోపే మూసుకోవాలి. అంటే నెల తప్పిన రెండు వారాలకల్లా ఆ పని అయిపోతుంది. మీరు మూడో నెలలో డాక్టర్‌ దగ్గరికి వెళ్లేసరికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో పుట్టుకతో పెద్ద లోపాలు కనిపిస్తాయి. తల్లి వాల్‌ప్రోయేట్‌ వాడితే ఆ సంఖ్య పది దాకా చేరుతుంది. నూటికి 30 నుంచి 40 మందిలో మాట, నడక, చదువు వెనకబడొచ్చు. అలాగని మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి. ఫిట్స్‌ తిరగబెడితే తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదమే. లామోట్రిజిన్‌, లెవెటిరాసెటామ్‌ లాంటి కాస్త సురక్షితమైన మందులున్నాయి. కానీ మార్చడానికి కొన్ని నెలలు పడుతుంది. అందుకే గర్భానికి ముందే రమ్మంటున్నాను.

ఫిట్స్‌ మందులే కాదు. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్‌ ఆపాక కనీసం నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. కీళ్లవాతానికిచ్చే మెథోట్రెక్సేట్‌, గుండె కవాటం మార్చినవారికిచ్చే వార్‌ఫరిన్‌, బీపీకి రామిప్రిల్‌, ఎనలాప్రిల్‌ వాడేవారూ ముందుగానే డాక్టర్‌తో మాట్లాడాలి. మద్యం ఏ నెలలోనూ పనికిరాదు. ఇంట్లో ఎవరు సిగరెట్‌ తాగినా ఆ పొగ బిడ్డకు చేటే.

పిల్లలు కావాలనుకునే ప్రతి మహిళా గర్భానికి కనీసం నెల ముందు నుంచే రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్‌ యాసిడ్‌ తీసుకోవాలి. ఫిట్స్‌ మందులు వాడేవారికి ఎక్కువ మోతాదు అవసరం కావొచ్చు. అది డాక్టర్‌ చెబుతారు.

తెలియక మందు వాడుతూ ఇప్పటికే గర్భం దాల్చారా? కంగారు పడకండి, ఫిట్స్‌ మాత్రలైతే మీ అంతట మీరు ఆపకండి. వెంటనే డాక్టర్‌ను కలవండి. మందు వాడిన ప్రతి తల్లి బిడ్డకూ లోపం రాదు.

ఇక పెద్దలకో మాట. ఫిట్స్‌ ఉన్న అమ్మాయి చక్కటి బిడ్డను కనగలదు. కానీ దాచిపెట్టి చేసిన పెళ్లిలో ఆమె డాక్టర్‌ దగ్గరికి వెళ్లాలన్నా భయమే. మందు గురించి ఆమె నోరు తెరిచి అడిగే వీలు ఇంట్లో ఉండాలి. ఈసారి మీ అమ్మాయికో, కోడలికో ఏ డాక్టరైనా చీటీ రాస్తుంటే ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ మందు వాడుతుండగా గర్భం వస్తే ఏమవుతుంది?’ జవాబు చెప్పాల్సిన బాధ్యత మాది.