జలాంతర్గాములను వేటాడే గస్తీ విమానాలు (విశాఖపట్నం)

జలాంతర్గాములను వేటాడే గస్తీ విమానం అనగా సముద్రంపై గంటల తరబడి తిరుగుతూ, నీటి అడుగున దాగిన శత్రు జలాంతర్గామిని కనిపెట్టి, అవసరమైనచో టార్పెడోతో దానిని నాశనం చేయగల సైనిక విమానం. భారత నౌకాదళంలో ప్రస్తుతం ఈ పనికి ప్రధానమైనది బోయింగ్ పి-8ఐ. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రము, దేశపు అణు జలాంతర్గాములు నిర్మాణమైన నౌకానిర్మాణ కేంద్రము విశాఖపట్నంలోనే ఉన్నాయి. కాని ఈ పెద్ద వేట విమానాల స్థావరాలు మాత్రం తమిళనాడులోని అరక్కోణంలోను, గోవాలోను ఉన్నాయి. ఇది తూర్పు తీరపు రక్షణకు లోపమా, కాదా అన్నది ఆలోచించదగిన విషయం.

మల్కాపురం, ఐ.ఎన్.ఎస్. డేగ

మల్కాపురం హిందుస్థాన్ పెట్రోలియం వారి చమురుశుద్ధి కర్మాగారం, హిందుస్థాన్ షిప్‌యార్డు, నౌకాదళ నివాసాల నడుమ గల ప్రాంతం. దీనికి సమీపంలో గల నౌకాదళ వైమానిక స్థావరం ఐ.ఎన్.ఎస్. డేగ 1991 అక్టోబరు 21న ప్రారంభమైనది. నగరపు పౌర విమానాశ్రయం కూడా ఇదే రన్‌వేను వాడుకొనుచు వచ్చినది. ఇక్కడి నుండి డోర్నియర్ గస్తీ విమానాలు, కామోవ్-28 హెలికాప్టర్లు ఎగురుతాయి. కామోవ్ హెలికాప్టరు నీటిపై నిలిచి, తీగతో సోనార్ పరికరాన్ని సముద్రంలోనికి దింపి ఆలకిస్తుంది. అయితే అది తీరానికి లేదా నౌకకు దగ్గరలో మాత్రమే పని చేయగలదు. దూర సముద్రపు వేటకు పెద్ద విమానమే కావాలి.

డేగ అచ్చ తెలుగు మాట. అరక్కోణం స్థావరం పేరు రాజాళి, అదీ ఆ జాతి పక్షియే. విశాఖలోని నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లాబొరేటరీ (1969లో స్థాపితం) రూపొందించిన తేలికపాటి టార్పెడో పేరు శ్యేన, సంస్కృతంలో డేగయే. మన నౌకాదళం వారికి ఈ పక్షిపై మక్కువ ఎక్కువని తోచును.

1971 నేర్పిన పాఠం

1971 డిసెంబరు 3-4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు ఎదుట మునిగిపోయినది. అందులోని 90 మందికి పైగా నావికులు మరణించారు. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ వదలిన డెప్త్ చార్జీల వలన మునిగినదని భారత కథనం, లోపలి ప్రేలుడు లేదా తాను అమర్చిన మైన్ల వలన అని పాకిస్తాన్ కథనం. ఏ కథనంలోనూ గస్తీ విమానం పాత్ర లేదు. శత్రు జలాంతర్గామి రేవు ముఖద్వారం వరకు రాగలిగినదన్నదే గమనింపదగినది. అదే డిసెంబరు 9న అరేబియా సముద్రంలో హంగోర్ అను జలాంతర్గామి మన ఖుక్రీ నౌకను ముంచివేసినది. అప్పటికి దూరగస్తీ వాయుసేన చేతిలో ఉండేది. 1976లో సూపర్ కాన్‌స్టలేషన్ విమానాలు నౌకాదళానికి బదిలీ అయ్యాయి. 1977లో ఇల్యూషిన్-38, 1988లో ఎనిమిది టుపోలెవ్-142 విమానాలు చేరాయి.

నాలుగు ఇంజన్లు, ఒక్కొక్కదానికి ఎదురెదురు దిశలలో తిరిగే రెండు వరుసల ప్రొపెల్లర్లు గల టుపోలెవ్ మహాకాయం. 29 సంవత్సరాలలో ప్రమాదమేదీ లేకుండా 30,000 గంటలు ఎగిరి 2017 మార్చి 29న అరక్కోణంలో విరమించినది. వాటిలో ఒకటి విశాఖ బీచ్ రోడ్డుపై, కుర్సురా జలాంతర్గామికి ఎదురుగా ప్రదర్శనశాలగా నెలకొన్నది. దీనిని 2017 డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. వేటగాడు, వేట ఒకే వీధిలో ఎదురెదురుగా నిలిచిన చోటు మరొకటి అరుదు.

బంగాళాఖాతంలో వేట

విమానం నీటిలోనికి చూడలేదు, వినవలసినదే. సోనోబాయ్‌లు అనే చిన్న పరికరాలను వరుసగా జారవిడిస్తే, అవి తేలుతూ నీటి అడుగు శబ్దాలను రేడియో ద్వారా విమానానికి పంపుతాయి. డీజిల్ జలాంతర్గామి బ్యాటరీల కొరకు గాలిగొట్టాన్ని పైకి తీసినపుడు రాడార్ దానిని పట్టగలదు. పి-8ఐ తోక చివర ఇనుప శరీరం వలన కలిగే అయస్కాంత మార్పును గుర్తించే పరికరం కూడా ఉన్నది. అమెరికా తన పి-8 విమానాలకు దీనిని అమర్చలేదు, భారత్ కోరి పెట్టించుకొన్నది.

అసలు చిక్కు నీటిలోనే ఉన్నది. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, గోదావరి, కృష్ణా నదుల మంచినీరు బంగాళాఖాతపు పైపొరను పలుచబరచును. పైన తక్కువ ఉప్పదనం, క్రింద చల్లని ఉప్పునీరు. ఈ పొరల సరిహద్దులో శబ్దం వంగి పోతుంది. పొర క్రింద దాగిన జలాంతర్గామి శబ్దం పైన వ్రేలాడే పరికరానికి అందకపోవచ్చును. కనుకనే సోనోబాయ్ వినే లోతును మార్చవలసి వస్తుంది. వర్షాకాలం తరువాత లెక్కలన్నీ మారతాయి. పైగా విశాఖ ఎదుట తీరపు తిన్నె సన్ననిది, కొద్ది దూరంలోనే లోతు మొదలగును. మన జలాంతర్గామికి ఇది వరం, పొంచి చూసే పరాయి దానికి కూడా వరమే. అరిహంత్ 2016లోను, అరిఘాత్ 2024 ఆగస్టు 29న విశాఖలోను సేవలో చేరాయి. రేవు దాటగానే శత్రువు వెంటబడినచో ఆ అణు నిరోధక శక్తికి విలువ ఉండదు. అందువలన విశాఖ ముంగిట వేట విమానం విలాసం కాదు.

2014లో చైనా జలాంతర్గామి కొలంబో రేవులో ఆగినది. 2016లో బంగ్లాదేశ్ చైనా నుండి రెండు జలాంతర్గాములను పొందినది.

దూరమా, సంఖ్యయా?

అరక్కోణం నుండి విశాఖకు ఆకాశమార్గాన సుమారు 600 కిలోమీటర్లకు పైబడి దూరం. జెట్ విమానమైన పి-8ఐ దానిని ఒక గంటలోపు దాటగలదు. అరక్కోణం రన్‌వే పొడవు నాలుగు కిలోమీటర్లకు మించినది, విశాఖది మూడు. ఆ మూడు కిలోమీటర్లు కూడా పి-8ఐకి చాలును. కాబట్టి స్థావరం ఎక్కడ అన్నది అంత పెద్ద ప్రశ్న కాదని ఈ రచయిత అభిప్రాయం.

సంఖ్య మాత్రం పెద్ద ప్రశ్నయే. 2009 ఒప్పందంలో ఎనిమిది, 2016లో మరి నాలుగు, వెరసి 12. మొదటిది 2013 మేలో భారత్ చేరినది. తరువాతి నాలుగు గోవాలో ఉన్నవి. ఇల్యూషిన్-38లు 2023 అక్టోబరులో విరమించినందున భారం వీటిపైనే పడినది. మరమ్మతులో ఉన్నవి, శిక్షణలో ఉన్నవి తీసివేస్తే మిగిలేవి కొన్నే. వాటినే 2014లో గల్లంతైన మలేషియా విమానం కొరకు వెదకడానికి, 2020లో లడఖ్ సరిహద్దు నిఘాకు కూడా వాడారు. సముద్రపు కన్నును కొండలపైకి తిప్పినపుడు సముద్రంపై ఆ మేరకు లోటు ఏర్పడును. మరి ఆరు విమానాల అమ్మకానికి అమెరికా విదేశాంగ శాఖ 2021లో ఆమోదం తెలిపినది.

తీరానికి చేరువలోని లోతు తక్కువ నీటికై నిర్మించిన వేట నౌకలలో మొదటిదైన ఐ.ఎన్.ఎస్. అర్నాలా 2025 జూన్ 18న విశాఖలోనే సేవలో చేరినది. పౌర విమానాలను తరలించుటకై భోగాపురంలో విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగినది. ఆ తరలింపుతో డేగ రన్‌వేపై నౌకాదళానికి వెసులుబాటు కలుగుతుంది. అప్పుడు పి-8ఐలను ఇక్కడ కొంతకాలం చొప్పున నిలుపుట సులభమగును.