కొలనూరు దారిలో కల్లు విందు

‘బలగం’ చూసిన వాళ్ళకి కోనరావుపేట మండలం కొలనూరు కొత్త ఊరేమీ కాదు. 2023 మార్చి 3న విడుదలైన ఆ చిత్రాన్ని తీసింది ఈ ఊళ్ళోనే. దర్శకుడు వేణు యెల్దండిదీ ఈ సిరిసిల్ల గడ్డే. ఒక్క నల్లిబొక్క తగాదాతో ప్రేక్షకుల్ని కట్టిపడేశాడు మహానుభావుడు! ఆ ఊరు చూద్దామని బయలుదేరిన నేను దారిలో తాటిచెట్ల కింద ఆగిపోయాను. ఆగకుండా ఎవరు పోగలరు చెప్పండి?

హైదరాబాదులో మా సినిమా మిత్రులిప్పుడు బీరు అక్కడే తయారుచేసి పోసే చోట్లకి వెళుతున్నారు. “తాజా సరుకోయ్!” అంటారు. మొలకెత్తిన బార్లీని ఉడికించి, హాప్స్ వేసి, ఈస్టు కలిపి, రోజుల తరబడి పులియబెట్టిన తాజాదనమది! తాటికల్లుకు ఈ హంగామా ఏదీ లేదు. గాలిలోనూ లొట్టిలోనూ ఉన్న ఈస్టే పని కానిచ్చేస్తుంది. పొద్దున దింపింది తియ్యన, మధ్యాహ్నానికి పులుపు, మర్నాటికి ముక్కు మూసుకోవాలి. బాగా పులిసినా బలం ఇంచుమించు బీరంతే.

మండువలో గీత పనివాడు పెద్దమనిషి. నేను తాటాకు మడిచి పట్టుకుంటే లొట్టి వంచి పోశాడు. ముందు పోతుతాడు, తర్వాత పండుతాడు. మొదటిది తేలిక, రెండోది కాస్త చిక్కన అనిపించింది నా నాలుకకి. నంజుకోవడానికి బొబ్బర్ల గుడాలు, కారం దట్టించిన బోటి, సర్వప్ప. ఆ బోటి ముందు పట్నం హోటళ్ళ వేపుళ్ళు దిగదుడుపే! ఒక సీసాలో పోసివ్వమన్నాను.

“రేపు తాగుతనంటె పొయ్య సారూ. పుల్లగైనంక నా చెట్టును తిడ్తవు” అన్నాడాయన.

ఆ మాట నాకు నచ్చింది. ఏ చెట్టుదో, ఎవరు దింపారో తెలిసి తాగే కల్లు వేరు. పట్నంలో చెట్లు తక్కువ, గొంతులు ఎక్కువ. ఆ లోటు పూడ్చడానికి క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలామ్ కలుపుతారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి ప్రాణాలు పోయినవాళ్ళు కూలీనాలీ చేసుకునే పేదలు. తెల్లగా నురగ కడితే అదీ కల్లే అనుకున్నారు పాపం.

చెట్టు మీది ప్రాణం సంగతీ ఉంది. మోకు జారితే అంతే. 2024 జూలైలో ప్రభుత్వం గీత కార్మికులకు ‘కాటమయ్య రక్ష’ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య వాళ్ళ కులదైవం, పేరు బాగానే కుదిరింది. ఈయన మాత్రం ఇంకా పాత మోకుతోనే ఎక్కుతున్నాడు. “అలవాటైంది” అని నవ్వేశాడు.

మన వెండితెర మీద కల్లు దుకాణమంటే ఒక హుషారు పాటో, తాగుబోతు హాస్యమో! లొట్టి కనిపిస్తుంది గానీ, దాన్ని నడుముకు కట్టుకుని దిగే మనిషి ఫ్రేములోకి రాడు. కల్తీ కల్లు మీద, ఈ మోకు మీద ఎవరైనా ఒక మంచి చిత్రం తియ్యకూడదా? ఆయన్నే అడిగాను.

“తియ్యున్రి సారూ. గని చెట్టెక్కేది మీ హీరోనా, నేనా?” అన్నాడు.