మాజూన్ కంటే ముందు దస్తర్‌ఖాన్ చూడండి

ఈ మధ్య ఒక అబ్బాయి డెబ్బై దాటిన తన తండ్రిని వెంటబెట్టుకుని మా దవాఖానాకు వచ్చాడు. "హకీం సాబ్, మా అబ్బాకు మతిమరుపు ఎక్కువైంది. నమాజులో ఎన్ని రకాతులు అయ్యాయో గుర్తుండటం లేదు. మంచి మాజూన్ ఏదైనా ఇవ్వండి" అన్నాడు. రోజూ ఏం తింటారని అడిగాను. పొద్దున టీ, బన్ను. మధ్యాహ్నం అన్నం, మాంసం సాలన్. రాత్రి మళ్ళీ అదే. మరి కూరగాయలు? "పళ్ళు ఊడిపోయాయి సాబ్, నమలలేరు" అన్నాడు.

హోసూరు చుట్టుపక్కల పండే టమాటా, క్యాబేజి బెంగళూరు దాకా పోతాయి. కృష్ణగిరి మామిడి సంగతి చెప్పనక్కరలేదు. అయినా మనలో చాలా ఇళ్ళలో కూరగాయ అంటే బిర్యానీ పక్కన పెట్టే పెరుగు పచ్చడే!

మతిమరుపును యునానీలో నిస్యాన్ అంటారు. మెదడులో చల్లదనం, తేమ పెరగడం దీనికి ఒక కారణమని పాత హకీములు చెప్పారు. అయితే మందు కంటే ముందు ఆహారం సరిచేయమన్నదీ వారే.

మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ఒక అంచనా వెలువడింది. హాంకాంగ్‌లో 17,700 మంది వృద్ధులను ఆరేళ్ళపాటు గమనించిన అధ్యయనం 2017లో వచ్చింది. రోజూ తగినన్ని కూరగాయలు, పండ్లు తినేవారిలో ఈ జబ్బు తక్కువగా కనిపించింది.

అలాగని కూరగాయలు తింటే మతిమరుపు రానే రాదని నేను చెప్పను. అమెరికాలో 604 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపు మూడేళ్ళు ప్రత్యేక ఆహారం పాటించేలా చూస్తే పెద్ద తేడా కనిపించలేదని 2023లో తేలింది. కానీ బి.పి., షుగరు, కొలెస్ట్రాల్ మెదడును దెబ్బతీస్తాయి. వాటిని అదుపులో ఉంచడానికి కూరగాయలు తోడ్పడతాయి. ఈ మేలు చాలదా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినమంటోంది. ఇందులో బంగాళాదుంప లెక్కకు రాదు. మాంసం మానమని నేను అనడం లేదు. పాలక్ గోష్త్, కద్దూ గోష్త్ మన వంటలే కదా! పళ్ళు లేనివారికి ఆకుకూర పప్పు, సొరకాయ, గుమ్మడి మెత్తగా ఉడికించి పెట్టండి. బొప్పాయి ముక్కలు ఇవ్వండి. షుగరు ఉన్నవారు మామిడి, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆకుకూరలు, పండ్లు ఎంత తినాలో డాక్టరును అడగాలి. ఉన్నట్టుండి మనుషులను గుర్తుపట్టలేకపోయినా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మాజూన్ ఇచ్చి డబ్బు తీసుకునే నేనే ఈ మాట అంటున్నాను. ఆ రోజు ఆ అబ్బాయికి మాజూన్ ఇవ్వలేదు. షుగరు, బి.పి., థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకుని రమ్మన్నాను. ఇంటికి సంత మీదుగా వెళ్ళమన్నాను.