బేస్ గిటార్ కొందాం, పల్లె విద్యార్థి చేతికిద్దాం

మన కళాశాలలో పాడేవాళ్ళకు కొదవ లేదు. వార్షికోత్సవానికి పేర్లివ్వమని నోటీసు పెడితే చాలు, సాయంత్రానికల్లా కాగితం నిండిపోతుంది. వాళ్ళ వెనక నిలబడి వాయించేవాళ్ళకే కరువు. అందుకే కొన్నేళ్ళుగా పాటలన్నీ పెన్‌డ్రైవులోంచి వచ్చే ట్రాకు మీదే నడుస్తున్నాయి. ట్రాకు ఎవరికోసమూ ఆగదు. పాడే పిల్ల భయపడి అర క్షణం వెనకబడితే దాని దారిన అది పోతుంది. అదే మనిషి వాయిస్తుంటే ఆగి, అందుకొని, తనతో తీసుకుపోతాడు.

ఈ సంగతి గ్రహించే కాబోలు, ఈ ఏడు సాంస్కృతిక నిధిలోంచి వాయిద్యాలు కొనాలన్న మాట మిత్రుల మధ్య నడుస్తోంది. కొందరు కీబోర్డంటున్నారు, మరికొందరు లీడ్ గిటార్ అంటున్నారు. నా ఓటు మాత్రం బేస్ గిటార్‌కి. ఈ మాటంటే ఒక మిత్రుడు నవ్వి, "అదేం గిటారప్పా, నాలుగే తీగలుండాయి!" అన్నాడు. ఆ నాలుగు తీగల సంగతే నాలుగు మాటల్లో చెబుతాను, చిత్తగించండి.

నాలుగు తీగలని చులకన చేయడానికి లేదు. మన వీణకు తాళపు తీగలు పోను వాయించే తీగలు నాలుగే గదా: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. బేస్ గిటార్ పని ఆ అనుమంద్రంలో ఉంటుంది. దాని లావు తీగ ఊరికే మీటితే సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మనిషి చెవికి వినిపించే హద్దు దాదాపు 20. అంటే చెవి పట్టుకోగలిగిన అడుగు పొరకు చాలా దగ్గర అన్నమాట. ఆ లోతు మన నేలకు కొత్తదేమీ కాదు. మన జిల్లాకు పేరు తెచ్చిన ఉరుములవాళ్ళ వాయిద్యం పేరులోనే ఆ శబ్దం ఉంది. హరిదాసు తంబురాలో ఆఖరి తీగ చేసే పనీ అలాంటిదే.

మరి పాటలో బేస్ మనకు వినపడదేం? ఫోనులో వింటున్నాం గనక. వేలెడు స్పీకరు అంత కింది శబ్దాన్ని పలికించలేదు. పైన వచ్చే అనుస్వరాలను పట్టుకుని మెదడే దాన్ని ఊహించుకుంటుంది. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇళయరాజా స్వరపరచిన 'గీతాంజలి' (1989) పాటలు ఒకసారి వినండి. పాట కింద ఇంకో పాట నడుస్తూ ఉంటుంది. ఆయన వాద్యబృందంలో బేస్ వాయించిన శశిధరన్, ఆర్.డి. బర్మన్ దగ్గర టోనీ వాజ్, ఏ.ఆర్. రెహమాన్ దగ్గర కీత్ పీటర్స్ - వీళ్ళ వేళ్ళు పలికించిన పాటలు మనకు కంఠోపాఠం. వాళ్ళ పేర్లు తెలిసినవాళ్ళు మన తరగతిలో ఎందరు?

మా శింగనమల చెరువు నిండిన ఏడు ఆయకట్టు బావుల్లో ఊట పెరుగుతుంది. బావి గట్టున నిలబడి నీళ్ళు చూసేవాడికి చెరువు కనపడకపోవచ్చు. బేస్ సంగతీ అంతే.

కొంచెం శాస్త్రం లేకుండా వాదన నిలవదు. బేస్ తీగలను మధ్యమం దూరంలో శ్రుతి చేస్తారు. మూడో తీగ మీద మూడో మెట్టును 'స' అనుకోండి. అదే మెట్టు దగ్గర రెండో తీగ మీద వేలు పెడితే 'మ'. అక్కణ్ణించి రెండు మెట్లు జరిగితే 'ప'. ఆ 'ప' పక్కనే, ఒకటో తీగ మీద, పై 'స'. మొదటి 'స'కు ఇటువైపు నాలుగో తీగ మీద, అదే మూడో మెట్టులో, కింది 'ప'. ఇదంతా ఒక అరచేతి మేర. ఈ ఆకారాన్ని ఉన్నదున్నట్టు ఇంకో మెట్టుకు జరిపితే శ్రుతి మారుతుంది గాని వేళ్ళ వరస మారదు. పాడేవాడు "నాకు ఒక కట్టె తగ్గించు" అంటే బేస్ వాయించేవాడు ఒక మెట్టు వెనక్కి జరిగితే సరి. ఊరికే మీటిన తీగలు వాడుతుంటే మాత్రం వాటి స్వరాలను మెట్ల మీద వెతుక్కోవాలి.

ఇంకో చిత్రం చూడండి. కీబోర్డు మీద ఒకరు 'స గ ప' నొక్కి పట్టుకున్నారనుకుందాం. అది శంకరాభరణపు నిండు వెలుగు. కింద బేస్ 'స' వాయిస్తే ఆ వెలుగు అలాగే ఉంటుంది. బేస్ మెల్లగా మంద్ర 'ద'కు దిగితే మొత్తం స్వరకూటమి 'ద స గ ప' అవుతుంది, మనసుకు మబ్బు పట్టినట్టుంటుంది. పైవాడు ఒక్క వేలు కూడా కదపలేదు. కిందివాడు ఒక్క స్వరం మార్చేసరికి పాట అర్థం మారిపోయింది. దీన్ని వెనకబాట వాయిద్యం అనడం ఎంతవరకు న్యాయం?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. లీడ్ గిటార్, వయొలిన్, కీబోర్డు వేదిక మీద నిలబడేంత బాగా వాయించాలంటే సాధారణంగా చిన్ననాటి సాధన కావాలి. ఆరేళ్ళకే సంగీతం మాస్టారి ఇంటికి పంపే తల్లిదండ్రులు, ఆ మాస్టారుండే పట్నమూ కావాలి. శింగనమల, నార్పల, గార్లదిన్నె లాంటి చోట్ల నుంచి వచ్చిన మనలో ఎందరికి ఆ అదృష్టం పట్టింది? చెనిక్కాయ పంట చేతికొస్తే ఫీజు, రాకపోతే అప్పు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా కురవని సీమ మనది. ఇక్కడ వయొలిన్ పాఠాలెక్కడివి? అందుచేత కళాశాల కీబోర్డు కొంటే అది పట్నంలో నేర్చుకొచ్చిన ఇద్దరు ముగ్గురి చేతికే పోతుంది. వాళ్ళ తప్పేమీ లేదు. కొనుగోలే అలాంటిది.

బేస్ అలా కాదు. దాంట్లో పండితుడు కావడానికి జన్మంతా పడుతుంది, కాదనను. అయితే మూలస్వరం, పంచమం పట్టుకుని తాళం తప్పకుండా ఒక పాటను మోయడానికి పద్దెనిమిదేళ్ళ వయసులో మొదలుపెట్టినా, రోజుకు గంట చొప్పున కొద్ది నెలల సాధన చాలు. కావలసిందల్లా లయ. మన పల్లె పిల్లల దగ్గర ఉన్నదే అది. చెక్కభజనలో తెల్లవార్లూ అడుగు తప్పకుండా వేసినవాడికి, పీర్ల పండగలో పలక వాయించినవాడికి, కోలాటంలో జతకర్ర తప్పనివ్వని అమ్మాయికి ఎనిమిది అక్షరాల ఆవర్తనం కొత్తగా నేర్పాల్సిన పనిలేదు. బేస్ డ్రమ్ము దెబ్బతో పాటు పడాలనే ఒక్క సూత్రం చెబితే మిగతాది వాళ్ళే అందుకుంటారు.

ఈ వాయిద్యం పుట్టుకలోనే ఆ సౌలభ్యం ఉంది. అంతకుముందు నిలువెత్తు డబుల్ బేస్ ఉండేది. దాన్ని మోయడం కష్టం, దానికి మెట్లు లేవు గనక స్వరం సరిగ్గా పట్టడమూ కష్టమే. 1951లో అమెరికాలో లియో ఫెండర్ మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్ బజారులోకి తెచ్చి దానికి 'ప్రెసిషన్' అని పేరు పెట్టాడు. మెట్టు దగ్గర వేలు పెడితే స్వరం ఖచ్చితంగా పలుకుతుందని ఆ పేరుకు అర్థం. ఆ వాయిద్యంతో లోకాన్ని ఊపిన జేమ్స్ జేమర్సన్ డెట్రాయిట్‌లో హైస్కూలు చదువుతుండగానే డబుల్ బేస్ చేతబట్టాడు. మోటౌన్ కంపెనీ పాటలకు ఏళ్ళ తరబడి వాయించినా రికార్డు అట్టమీద వాద్యకారుల పేర్లు వేసేవాళ్ళు కాదు. 1971లో గాని ఆ పేరు అచ్చులో కనపడలేదు. 1983లో ఆయన పోయాడు. ఈనాడు బేస్ పట్టినవాళ్ళంతా ఆయన్ను గురువంటారు. బడిలో చేతికందిన ఒక వాయిద్యం ఎంత పని చేస్తుందో చూడండి.

"బేస్ బరువు, ఆడపిల్లలకు కుదరదు" అనేవాళ్ళకు మోహినీ డే పేరు గుర్తుచేస్తాను. చిన్న వయసులోనే రెహమాన్ వేదికలెక్కిన బేస్ వాద్యకారిణి ఆమె. "కీబోర్డు ఎడమచేత్తో ఆ పని కానిచ్చేయొచ్చు గదా" అనేవాళ్ళూ ఉన్నారు. నిజమే, కానిచ్చేయొచ్చు. అప్పుడు వేదిక మీద ఒక మనిషి తగ్గుతాడు. మనకు కావలసింది మనుషులు పెరగడం.

కొనేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ఐదు తీగలు, ఆరు తీగలు అంటూ ఎగబడొద్దు, నాలుగు చాలు. లోపల బ్యాటరీతో నడిచే యాక్టివ్ రకం వద్దు. సరిగ్గా కార్యక్రమం మధ్యలో బ్యాటరీ చచ్చి కూర్చుంటుంది. పాసివ్ రకం మేలు. యామహా, ఐబనేజ్, స్క్వయర్ కంపెనీల తొలి మెట్టు బేసులు విద్యార్థులకు బాగా సరిపోతాయి. మామూలు తీగ పొడవు 34 అంగుళాలు. చేతులు చిన్నవైనవాళ్ళుంటే 30 అంగుళాలది చూడొచ్చు. బేస్‌ను మామూలు గిటార్ యాంప్లిఫయరుకు తగిలించి గట్టిగా వాయిస్తే స్పీకరు చినిగే ప్రమాదముంది. చిన్న బేస్ యాంప్లిఫయరు ఒకటి కావాలి. డబ్బు చాలకపోతే డి.ఐ. బాక్సు కొని కళాశాల సౌండ్ సిస్టంకే కలపొచ్చు. హాస్టల్లో సాధనకు హెడ్‌ఫోను యాంప్లిఫయరు ఉంటే పక్క గదివాళ్ళ నిద్ర చెడదు.

అన్నిటికంటే ముఖ్యం మన ఎండ. పొడిగాలికి కొయ్య కుంచించుకుపోయి మెట్ల అంచులు బయటికొచ్చి చేతికి గీసుకుంటాయి. మెడ వంపు కూడా మారుతుంది. దాన్ని సరిచేసే కడ్డీ మెడ లోపలే ఉంటుంది. తెలిసినవాళ్ళతోనే, కొంచెం కొంచెంగా తిప్పించాలి. వాయించాక ప్రతిసారీ తీగలను పొడిగుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టాలి. ఎర్రదుమ్ము, చేతి చెమట కలిస్తే తీగ గొంతు పోతుంది.

చివరగా ఒక్క మనవి. వాయిద్యం కొని బీరువాలో పెట్టి తాళం వేసే పద్ధతైతే ఏదీ కొనొద్దు, ఆ డబ్బుతో గ్రంథాలయానికి పుస్తకాలు తెద్దాం. కొంటే మాత్రం ఒక నియమం పెడదాం. మొదటి ఏడాది విద్యార్థుల్లో, ఇంతవరకూ ఏ వాయిద్యమూ ముట్టనివాళ్ళలోంచి నలుగుర్ని ఎంచుకోవాలి. కనీసం ఇద్దరు అమ్మాయిలుండాలి. వాళ్ళకు వారానికి మూడు సాయంత్రాలు బేస్ ఇవ్వాలి. నేర్చుకున్నవాళ్ళు కళాశాల వదిలేముందు ఇంకో నలుగురికి నేర్పి పోవాలి. కార్యక్రమపత్రంలో పాడినవాళ్ళ పక్కనే వాయించినవాళ్ళ పేర్లూ అచ్చు వేయాలి. వచ్చే వార్షికోత్సవానికి ఒక్క పాటైనా ట్రాకు లేకుండా మన చేతులతో మనమే మోద్దాం.